మావయ్య లారీలో మూడు పసుపు లైట్లు

మా ఉప్పలగుప్తంలో మంచంటే ధనుర్మాసంలో పడే మంచే. తెల్లారి ఆరింటికి కొబ్బరితోటలో నాలుగు చెట్ల అవతల ఏముందో కనపడదు. అమలాపురం వెళ్లే ఆటోలు లైట్లేసుకుని వస్తాయి. ఎనిమిదయ్యేసరికి ఎండొచ్చి అంతా విడిపోతుంది. ఇంగ్లీషువాడు ఫాగ్, డ్యూ, స్నో అని మూడు మాటలు పెట్టుకున్నాడు. మనం మూడింటినీ మంచు అనే అంటాం. అందుకే 2024 డిసెంబరు చివర్లో కశ్మీరు నుంచి మావయ్య ఫోన్ చేసి "మంచులో ఆగిపోయామే" అంటే, మా అత్త "ఎండెక్కితే పోద్దిలే, టీ తాగి బయల్దేరండి" అంది. ఫోన్లో అటువైపు చాలాసేపు మాట లేదు. అప్పటికి ఆయన లారీ ఖాజీగుండ్ దగ్గర రోడ్డు మీద, చక్రాలు సగం దాకా మంచులో దిగి ఉంది.

కోనసీమ లారీకి కశ్మీరులో ఏం పని అని అడుగుతారేమో. అంబాజీపేట నుంచి కొబ్బరికాయ ఉత్తరాదికి వెళ్లడం మాకు కొత్తేం కాదు. రావులపాలెంలో హైవే ఎక్కి, విజయవాడ మీదుగా హైదరాబాదు చేరితే అక్కణ్నుంచి 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైనే ఉన్న రోడ్డు అది. నాగపూరు, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, లూధియానా, జమ్ము, అన్నీ దాని మీదే. మావయ్య జమ్ములో కాయ దింపాడు. తిరుగు లోడు కోసం చూస్తుంటే శ్రీనగర్‌కి ఏదో సామాను దొరికింది, అక్కడ దింపితే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి యాపిల్ దొరుకుతుందన్నారు. రెండు కిరాయిలు కలిస్తే జనవరి 5న కట్టాల్సిన ఫైనాన్సు కిస్తీ వచ్చేస్తుంది. అందుకే ఎక్కాడు. ఆయన పాతికేళ్లుగా స్టీరింగు పట్టుకున్న మనిషి. ఈ బండి మాత్రం సొంతం, మూడేళ్ల కిందట అత్త మెళ్లో గొలుసు కూడా అమ్మి కొన్నది. బీఎస్-6 బండి. పాత బండిలో మీటరు బోర్డు మీద నాలుగు ముళ్లు, రెండు లైట్లు ఉండేవి. ఇందులో లైట్లే ఇరవై పైన ఉంటాయి.

ఆ ఏడాది కశ్మీరులో చలి మామూలుగా లేదు. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, గట్టి చలికాలం అది. ఆ మొదటి రోజే శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబరులో అంత చలి యాభై ఏళ్లలో లేదని పేపర్లో వచ్చింది. 27న మంచు పడింది. 2021లో తెరిచిన నవయుగ సొరంగం, ఎనిమిదిన్నర కిలోమీటర్లది, ఖాజీగుండ్‌కీ బనిహాల్‌కీ మధ్య ఉంది. దానికి ఇవతల వేల బండ్లు ఆగిపోయాయి. వాటిలో ఒకటి మాది. రాత్రంతా నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచారు, క్యాబిన్లో లైటు, రెండు ఫోన్ల ఛార్జింగు. డీజిలు అయిపోతుందన్న భయంతో ఇంజన్ ఎక్కువసేపు నడపలేదు. పొద్దున్నకి బ్యాటరీలు చచ్చిపోయాయి. ముందున్న పంజాబీ లారీ నుంచి కేబుళ్లు వేసి స్టార్టు చేశారు.

స్టార్టయ్యాక బోర్డు మీద లైట్లన్నీ వెలిగి, కొన్ని ఆరి, నాలుగు మిగిలాయి. ఒకటి ఎర్రది, బ్రేకు గాలి తక్కువుందని. మిగిలినవి మూడూ పసుపు: ఏబీఎస్, చెక్ ఇంజన్, యూరియా. మావయ్య ఆ బోర్డు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. కింద ఒకే ముక్క: "కోడలా ఇదేంటి."

నేను మెకానికల్ మూడో ఏడు. మన సిలబస్‌లో ఆటోమొబైల్ ఇంజనీరింగ్ ఉంది, అందులో బ్రేకులకి ఒక యూనిట్ ఉంది, ఏబీఎస్ మీద ఎనిమిది మార్కుల ప్రశ్న వస్తుంది. నేను బొమ్మ బాగా వేస్తాను. ఆ బొమ్మలో చక్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది.

ముందు రంగు సంగతి. ఎర్ర లైటు అంటే ఆపు. పసుపంటే చూసుకుంటూ వెళ్లు, తొందరగా చూపించుకో. ఇది దాదాపు అన్ని కంపెనీల బండ్లకీ ఒకటే. కాబట్టి మొదట ఎర్రది పోవాలి. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది, మన కార్లలోలాగా నూనెతో కాదు. కంప్రెసరు బయటి గాలి పీల్చి ట్యాంకుల్లో నింపుతుంది. ఆ గాలితో పాటు తేమ కూడా వెళ్తుంది. తేమ నీరవుతుంది, నీరు చలికి గడ్డకడితే వాల్వులు, గొట్టాలు బిగుసుకుపోతాయి. దానికి డ్రయ్యరు ఉంటుంది గానీ దాని కార్ట్రిడ్జి పాతబడితే తేమని పట్టుకోదు. మా వైపు డ్రైవర్లకి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. సముద్రం పక్క గాలి, అందులో నీళ్లే ఎక్కువ. మావయ్య రోజూ పొద్దున్నే ట్యాంకు కింద తీగ లాగి "తుస్స్"మని నీళ్లు వదిలిపెట్టే అలవాటు మనిషి. బండి కింద మరక పడిందని అత్త ఎన్నిసార్లు తిట్టిందో. ఆ అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది. ఇంజన్ పావుగంట నడిచేసరికి గాలి నిండింది, ఎర్ర లైటు ఆరింది. పక్క బండి వాడు వాల్వు మీద వేణ్నీళ్లు పోస్తూ కూర్చున్నాడట.

మూడు పసుపు లైట్లతో మావయ్య సొరంగం దాటి బనిహాల్, రాంబన్ మీదుగా దిగాడు. ఏబీఎస్ లైటు వెలిగితే బ్రేకు పోయినట్టు కాదు. మామూలు బ్రేకు ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే తెలివి మాత్రం సెలవు పెడుతుంది. పొడి రోడ్డు మీద ఆ తేడా చాలామందికి తెలియను కూడా తెలియదు. మంచు రోడ్డు మీద, వెనక టన్నుల కొద్దీ యాపిల్‌తో, ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది. ఎగ్జాస్టు బ్రేకు కూడా వాడొద్దని పంజాబీ డ్రైవరు చెప్పాడట. జారే రోడ్డు మీద వెనక చక్రాలు దానికే పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. రెండో గేరులో నడక వేగంతో దిగాడు. ఆ రోజు ఆయన ఒక్కసారే ఫోన్ చేశాడు, అదీ అత్తకి, భోంచేశానని చెప్పడానికి.

జమ్ము దాటి పంజాబులో రోడ్డు పక్క ఒక గ్యారేజీలో చూపించాడు. మేస్త్రీ స్కానర్ పెట్టాడు. ఏబీఎస్ కంప్యూటర్ పోయింది, ముందు చక్రాల సెన్సర్లు రెండూ మార్చాలి, చలికి యూరియా గడ్డకట్టి పంపు పగిలింది, అన్నీ కలిపి లక్షా పదివేలు, సామాను జలంధర్ నుంచి రావడానికి మూడు రోజులు అన్నాడు. మావయ్య దగ్గర పద్నాలుగు వేలున్నాయి. పక్కనే ఉన్న ఇంకొకాయన ఇంకో దారి చూపించాడు. బోర్డు విప్పి ఆ మూడు బల్బులూ పీకేస్తా, ఐదొందలు ఇవ్వు, మీ ఊరెళ్లి చేయించుకో. ఇది ఒక్క పంజాబులో దొరికే వైద్యం కాదు, మన హైవేల మీదా దొరుకుతుంది. లైటు మీద నల్ల టేపు అంటించుకున్న బండ్లు నేనే చూశాను.

మావయ్య రెండిటికీ ఊఁ అనకుండా నాకు ఫోన్ చేశాడు. "నువ్వు చదివేది ఇదేగా కోడలా. చెప్పు. కట్టమంటే అప్పు తెస్తాను, వద్దంటే వెళ్లిపోతాను."

అప్పటికి నాకు సెమిస్టర్ పరీక్షలైపోయి ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే కడుపులో తిప్పింది. ఎనిమిది మార్కుల జవాబుకి లక్షా పదివేల రూపాయల ప్రశ్న. నేను అడిగింది ఒక్కటే, మొదట. "మావయ్యా, మూడూ ఒకేసారి వచ్చాయా, ముందూ వెనకా వచ్చాయా?"

పాతికేళ్లు బండి నడిపిన మనిషికి ఆ జ్ఞాపకం ఫోటోలా ఉంటుంది. ఏబీఎస్ లైటు ముందు రోజు సాయంత్రమే వచ్చిందన్నాడు. మంచులో మెల్లగా పాకుతూ వెళ్తున్నప్పుడు, ఇంకా ఆగిపోకముందే. చెక్ ఇంజనూ యూరియా మాత్రం పొద్దున్న, పక్క బండి కేబుళ్లతో స్టార్టు చేసిన వెంటనే, రెండూ కలిసి.

అంటే జరిగింది ఒక సంఘటన కాదు, రెండు. మేస్త్రీ మాత్రం మూడు లైట్లకీ కలిపి ఒకే కథ చెప్పాడు: చలి వచ్చింది, అన్నీ పోయాయి.

"ఆ స్కానర్‌లో ఏం రాసుందో ఫోటో తీసి పంపు" అన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. మావయ్య లారీ హిందీలో ఏం బతిమాలాడో తెలీదు, పది నిమిషాలకి ఫోటో వచ్చింది.

బండిలోని కంప్యూటర్లు తప్పు కనిపెట్టినప్పుడు ఒక నంబరు రాసుకుంటాయి. లారీల్లో ఈ నంబర్లకి కంపెనీలన్నీ కలిసి వాడే ఒక పట్టిక ఉంది. ఆ ఫోటోలో మూడు నంబర్లున్నాయి. అంతకంటే ముఖ్యం, అవి రెండు గుంపులుగా ఉన్నాయి. ఒక గుంపు ఇప్పుడు జరుగుతున్న తప్పులు, రెండోది ఒకప్పుడు జరిగి పోయినవి. మన లైబ్రరీలో ఎవరో ఒకప్పుడు ఆలస్యంగా తెచ్చిన పుస్తకం పేరు రిజిస్టర్లో ఉన్నట్టు. పుస్తకం వచ్చేసింది, పేరు మాత్రం ఉంది. 168 అనే నంబరు పాతవాటి గుంపులో ఉంది. అది బ్యాటరీ వోల్టేజీ నంబరు. యూరియా పంపు ప్రెషరుదీ పాతవాటిలోనే ఉంది. ఇప్పుడున్న తప్పు ఒక్కటే. 789.

168 సంగతి చూద్దాం. లారీలో 24 వోల్టుల కరెంటు. చచ్చిన బ్యాటరీతో సెల్ఫు కొడితే ఆ వోల్టేజీ ఒక్కసారి కిందికి పడిపోతుంది. ఆ సెకనులో బండిలోని కంప్యూటర్లన్నీ కళ్లు తిరిగి పడబోయిన మనిషిలా ఉంటాయి. ఏం అడిగినా తప్పు చెప్తాయి. యూరియా పంపు అప్పుడే లేచి ప్రెషరు కట్టాలి, కరెంటు చాల్లేదు, కట్టలేదు, తప్పు రాసుకుంది. తర్వాత కరెంటు సరిపడా వచ్చింది, పంపు పనిచేసింది, తప్పు పోయింది. మరి లైటు ఎందుకు వెలుగుతోంది? పొగకి సంబంధించిన లైట్లు తప్పు పోయిన వెంటనే ఆరవు. వరసగా కొన్నిసార్లు బండి స్టార్టు చేసి, వేడెక్కేదాకా నడిపి, ఆపితే, ప్రతిసారీ అంతా బాగుందని తేలితే అప్పుడు ఆరతాయి. మావయ్య భయపడి బండిని జమ్ము నుంచి ఆపకుండా నడిపాడు. లైటుకి ఆరే అవకాశమే రాలేదు.

యూరియా గడ్డకట్టి పంపు పగిలిందన్న మాట నన్ను ఎక్కువసేపు ఆపింది, ఎందుకంటే అది వినడానికి నమ్మేలా ఉంది. ఇక్కడ యూరియా అంటే పొలంలో చల్లేది కాదు, నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం. సైలెన్సర్లో చల్లితే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రోజనూ నీళ్లూ అవుతాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పటి నుంచి పెద్ద లారీల్లో ఇది మామూలైపోయింది. ఆ పాళ్లు 32.5 దగ్గరే ఎందుకు పెట్టారంటే, ఆ నిష్పత్తిలో అది అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకడుతుంది, మైనస్ 11 డిగ్రీల్లో. శ్రీనగర్‌లో ఆ గట్టి చలి రోజే మైనస్ 8.5. మావయ్య అక్కడున్నది మంచు పడుతున్న రాత్రి. మబ్బు కమ్మిన రాత్రి దుప్పటి కప్పినట్టుంటుంది, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రంత చలి ఉండదు. గాలి వీస్తే మనకి చలి ఎక్కువ అనిపిస్తుంది గానీ ట్యాంకు చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడదు. పోనీ గడ్డకట్టిందే అనుకుందాం. గడ్డకట్టి కరిగిన యూరియా పాడవదు. చలిదేశాల్లో అది ప్రతి శీతాకాలం గడ్డకట్టి కరుగుతూనే ఉంటుంది, దానికోసమే ట్యాంకులో ఇంజన్ వేణ్నీళ్ల గొట్టం పెడతారు. ఇదంతా మావయ్యకి చెప్తే, "అంటే పంపు బాగుందా?" అన్నాడు. "బాగుండే అవకాశమే ఎక్కువ. బండి లాగుడు తగ్గిందా?" అన్నాను. లేదన్నాడు. యూరియా నిజంగా ఆగిపోతే ఈ బండ్లు కొంతసేపటికి ఇంజన్ శక్తి తగ్గించేస్తాయి, డ్రైవరు గ్యారేజీకి వెళ్లక తప్పదన్నట్టు. మావయ్య బండి పఠాన్‌కోట్ ఎత్తుల మీద మామూలుగానే లాగింది.

మిగిలింది 789. ఆ నంబరు అర్థం, ముందు ఇరుసు, ఎడమ చక్రం, వేగం సెన్సరు. 790 అయితే ముందు కుడి. అంటే మేస్త్రీ మార్చమన్న రెండు సెన్సర్లలో ఒకదాని మీద అసలు ఫిర్యాదే లేదు. కంప్యూటరు పోయిందని ఎక్కడా లేదు. ఎడమ చక్రం నుంచి కబురు రావడం లేదని ఆ కంప్యూటరే చెప్తోంది. కబురు చెప్పేవాడిని చచ్చిపోయాడు అంటే ఎలా.

ఆ సెన్సరు లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, అంతే. దానికి కరెంటు కూడా ఇవ్వక్కర్లేదు. హబ్బుకి పళ్ల చక్రం ఒకటి బిగించి ఉంటుంది, లారీల్లో ఎక్కువగా నూరు పళ్లు. ఒక్కో పన్ను సెన్సరు ముందు నుంచి దాటినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారుతుంది, తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిందే ఇది. చక్రం వేగంగా తిరిగితే ఎక్కువ వోల్టేజీ, మెల్లగా తిరిగితే తక్కువ. సెన్సరుకీ పళ్లకీ మధ్య సందు పెరిగినా తక్కువే. సెన్సరు ఒక స్ప్రింగు గొట్టంలో బిగువుగా కూర్చుని ఉంటుంది, నట్లూ బోల్టులూ ఉండవు. గట్టిగా ఏదైనా నెడితే వెనక్కి జరుగుతుంది. మంచు, బురద కలిసి చక్రం లోపల కూరుకుని గడ్డకట్టి, తిరిగేటప్పుడు దాన్ని వెనక్కి నెట్టిందనుకుంటే లెక్క సరిపోతుంది. మంచు కరిగిపోయింది, సెన్సరు మాత్రం వెనక్కే ఉండిపోయింది. అమెరికాలో మిన్నెసోటా వైపు ఉండే మా పెద్దమ్మ కొడుకుని అడిగితే, మంచు పడ్డాక ఏబీఎస్ లైటు రావడం వాళ్లకి జలుబు చేసినంత మామూలన్నాడు. కారుని ఒక రాత్రి వెచ్చని గ్యారేజీలో పెడతారట, గడ్డ కరిగితే చాలాసార్లు అదే పోతుందట.

గ్యారేజీలో ఒక కుర్రాడున్నాడు, పద్దెనిమిదేళ్లుంటాయి. మేస్త్రీ విసుక్కుని వేరే బండి దగ్గరకి పోయాక మావయ్య వాడికి ఫోన్ ఇచ్చాడు. నా హిందీ ఇంటర్ హిందీ, వాడిది పంజాబీ కలిసిన హిందీ. అయినా ఓము, వోల్టు ఇద్దరికీ ఒకటే. ముందు ఎడమ చక్రం జాకీ మీద లేపించాను. సెన్సరు ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెడితే 1,150 ఓములు చూపించింది. ఇలాంటి సెన్సరుకి వెయ్యికి అటూ ఇటూ నుంచి రెండు వేల దాకా ఉంటే తీగచుట్ట బాగున్నట్టే. తర్వాత మీటరుని ఏసీ వోల్టుల్లో పెట్టి, చక్రాన్ని రెండు సెకన్లకి ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పమన్నాను. కనీసం పావు వోల్టు రావాలి. 0.08 వచ్చింది. కుర్రాడు బండి కిందికి దూరి, టార్చి వేసి, సెన్సరు చుట్టూ గట్టిపడిన బూడిదరంగు బురద గీకి తీశాడు. దాన్ని పళ్లకి తగిలేదాకా వేలితో లోపలికి నెట్టాడు. తగిలినా భయం లేదు, చక్రం తిరిగినప్పుడు తనకి కావలసినంత సందు అదే చేసుకుంటుంది. మళ్లీ తిప్పితే 0.6.

లైటు అప్పటికీ వెలుగుతూనే ఉంది. మావయ్య గొంతు పడిపోయింది. "కొంచెం ముందుకి నడుపు మావయ్యా. చక్రాలు తిరిగి, నాలుగు కబుర్లూ సరిగ్గా వస్తున్నాయని చూసుకున్నాకే అది ఆరుతుంది." గ్యారేజీ గేటు దాకా కూడా వెళ్లలేదు, ఆరింది. ఫోన్లో ఏదో పెద్దగా అరిచాడు, అది తిట్టో దీవెనో ఇప్పటికీ తెలీదు.

మేస్త్రీ ఎనిమిదొందలు తీసుకున్నాడు. వాడిని దొంగ అనను. పగలంతా పదిహేను బండ్లు, ప్రతి డ్రైవరూ తొందరలో ఉంటాడు, మార్చేస్తే మళ్లీ తిరిగి రాడు అన్నదే వాడి అనుభవం. పార్టు మార్చడానికి కూలీ ఉంది. వెతకడానికి కూలీ ఎవరూ ఇవ్వరు. మావయ్య కూడా మొదట "చూడ్డానికే ఎనిమిదొందలా?" అన్నాడు, లక్షా పదివేలు మిగిల్చుకున్న మనిషి. ఆ కుర్రాడికి మాత్రం విడిగా రెండొందలూ, ఒక పెట్టె లోంచి నాలుగు యాపిల్ పళ్లూ ఇచ్చాడట.

చెక్ ఇంజనూ యూరియా లైట్లు మర్నాడు అంబాలా దాటాక, మూడోసారి స్టార్టు చేసినప్పుడు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. యాపిల్ ఆజాద్‌పూర్‌లో దిగింది. కిస్తీ 5న కాదు గానీ 7న కట్టాడు, రెండు రోజులకి ఫైన్ పడింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మార్చిలో మళ్లీ ఫోన్, ఈసారి పక్క వీధి నుంచే. అదే పసుపు లైటు. అమలాపురంలో స్కానర్ పెట్టించాడు, అదే 789. మావయ్య ముందే నిర్ణయించేసుకున్నాడు: "సెన్సరు మళ్లీ జరిగిందే, నెట్టేస్తా." చక్రం దగ్గర మంచు లేదు, బురద లేదు. ఆ రెండు నెలలూ బండి చెరువుల వైపే తిరిగింది, గొల్లవిల్లి, ఎస్.యానాం రోడ్లలో రొయ్యల మేత బస్తాలు దింపుతూ. సెన్సరు నెట్టి చూస్తే అది పళ్లకి తగిలే ఉంది. ఓములు చూస్తే 1,200. వోల్టు కూడా సరిగ్గానే ఉంది. అంటే సెన్సరు తప్పు లేదు.

ఈసారి నేను బండి దగ్గరే ఉన్నాను కాబట్టి చేత్తో పట్టుకుని చూశాను. ప్లగ్గు కంప్యూటరు వైపు సగాన్ని తిప్పి చూస్తే లోపల పిన్నులు ఆకుపచ్చగా ఉన్నాయి. చిలుము. పూజగదిలో తోమని రాగిచెంబు మీద పట్టేదే. చలిదేశాల్లో రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు బండి అడుగున చేరి వైర్లు తినేస్తాయి, అందుకే వాళ్లు చలికాలం పోగానే అడుగంతా మంచినీళ్లతో కడిగిస్తారు. మనకి ఉప్పు చల్లే పని లేదు. సముద్రపు గాలే తెచ్చి ఇస్తుంది. చెరువు గట్ల మీద రోడ్డు తడిగా ఉంటే అడుగున చిమ్మేదీ ఉప్పునీరే. పంజాబులో మావయ్య ఆ ప్లగ్గు ఊడదీయించినప్పుడు మళ్లీ పెట్టేటప్పుడు దాని రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోలేదనుకుంటా, పక్కకి మడిచి ఉంది. తేమ అందులోంచే వెళ్లింది.

రొయ్యల చెరువు ఏరియేటరు మోటార్లు బాగుచేసే ఒకాయన మా ఊళ్లో ఉన్నాడు. ఆయన దగ్గర ఇలాంటి పిన్నులు బోలెడు. ఆయనకి 789 అని చెప్పక్కర్లేకపోయింది, ప్లగ్గు చూడగానే "ఉప్పు" అన్నాడు. కుళ్లిన రెండంగుళాల తీగ కోసేసి, కొత్త పిన్నులు నొక్కి, గ్రీజు కూరి, వాషరు సరిచేసి బిగించాడు. నూట ఇరవై రూపాయలు. బండిని వీధి చివరి దాకా తీసుకెళ్లి తెచ్చేసరికి లైటు లేదు.

"అదే నంబరు కదే, మరి అప్పుడు మంచు, ఇప్పుడు ఉప్పూనా?" అని మావయ్య చాలాసేపు అడిగాడు. నంబరు ఇంటి అడ్రసు మావయ్యా, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో అందులో ఉండదు అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చింది. ఈ మధ్య వేరే డ్రైవర్లకి తన మాటలాగే చెప్తున్నాడు.

అమలాపురంలో మూడొందల యాభైకి ఒక మల్టీమీటరు కొనుక్కున్నాడు. దాన్ని క్యాబిన్లో, బండి కాయితాల సంచీ పక్కన పెట్టుకుంటాడు. మొన్న దసరాకి బండి కడిగి పూజ చేసినప్పుడు అత్త స్టీరింగుకీ, జాకీ రాడ్డుకీ, స్పానర్లకీ బొట్లు పెడుతూ దీన్ని చేతిలోకి తీసుకుని, "ఇది కూడా పనిముట్టేనా?" అని అడిగింది. మావయ్య తలూపాడు. దాని తెర మీద కుంకుమ పడకుండా, వెనకవైపు పెట్టింది.